పన్నెండు అంగుళాల అద్దం

ప్రమోద ఇరవై నాలుగేళ్లుగా పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో ల్యాబ్ అటెండెంటుగా పనిచేస్తోంది. బీకర్లు కడగడం, యాసిడ్ సీసాల మీద చీటీలు అతికించడం, ప్రయోగం ఉన్న రోజున బల్ల మీద అన్నీ అమర్చి పక్కకు తప్పుకోవడం ఆమె పని. పాఠం చెప్పేది టీచర్లు. మధ్యలో ఏదైనా పనిచేయకపోతే ఆమె వచ్చి తీగ బిగించి, మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి నిలబడేది. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఇన్నేళ్లలో ఒక్క క్లాసులోనూ ఆమె గొంతెత్తలేదు. మాట్లాడమని ఎవరూ అడగలేదు, అడిగినా ఆమెకు నోరు పెగిలేది కాదు.

ఇల్లు హార్బరుకు అవతల, బాంబూఫ్లాట్‌లో. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి చాతంలో దిగి, అక్కడినుంచి బస్సులో స్కూలుకు వెళ్తుంది. భర్త మణికుమార్ ఆ ఫెర్రీ మీదే లష్కరు. జెట్టీకి తాళ్లు విసిరి కట్టడం, బళ్లనీ జనాన్నీ ఎక్కించి దించడం అతని ఉద్యోగం. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్లు. వీళ్లిద్దరూ పుట్టిందీ పెరిగిందీ ద్వీపాల్లోనే. కూతురు లహరికి పెళ్లయి గరాచర్మలో ఉంటోంది.

మూడేళ్ల కిందట స్కూలుకు ఒక చిన్న టెలిస్కోపు వచ్చింది. పిల్లలకు చంద్రుణ్ణి చూపించే సాయంత్రం దాన్ని ముందుగా అమర్చి పెట్టమని ప్రమోదకు చెప్పారు. అక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది. ఖాళీ మైదానంలో ఆమె ఒక్కతే ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, మర సరిచేసి, కన్ను ఆనించింది. సున్నం గోడ తడిగా ఉన్నప్పుడు చినుకులు పడితే ఏర్పడే గుంటల్లాంటివి కనిపించాయి. ప్రతి గుంటకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క నల్లటి నీడ. చంద్రుడు గుండ్రటి బిళ్ల అని తను ఇన్నాళ్లూ అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. పది నిమిషాలు చూసిందో లేదో పిల్లలు వరసగా వచ్చారు. ఆమె తప్పుకుంది.

ఆ తర్వాత టెలిస్కోపును బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండు వానాకాలాలు గడిచేసరికి తేమకు దాని గాజుకు బూజు పట్టి, తెల్లగా పొర కమ్మేసింది. కొత్తది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ప్రమోద ఫోనులో వెతకడం మొదలుపెట్టింది. నాగపూర్ వైపు ఎవరో ఒకాయన హిందీలో వరసగా వీడియోలు పెట్టాడు. గుండ్రటి మందపాటి గాజుపలకలు రెండు తీసుకుని, మధ్యలో ఇసకలాంటి పొడి, నీళ్లు వేసి, ఒకదాని మీద ఒకటి రుద్దుతూ పోతే పైది గిన్నెలా లోపలికి పోతుందట, కిందది ఉబ్బుతుందట. ఆ లోపలికి పోయినదానికి వెండి పూత పూస్తే టెలిస్కోపు అద్దం తయారు. ఆయన చూపించింది అరచేయంత అద్దం. ఎంత పెద్ద అద్దమైతే అంత మసకగా ఉండే నక్షత్రమైనా కనిపిస్తుందని మాత్రం ఆయన పదే పదే అన్నాడు.

ఆ మాట ఆమె మణికుమార్‌కు చెప్పింది. అతను నవ్వలేదు, పెద్దగా పట్టించుకున్నట్టూ కనిపించలేదు. నెల తర్వాత ఒకరోజు ఫెర్రీ దిగుతూ, పాత ఓడ సామాను కొన్న తుక్కు దుకాణంలో కిటికీ గాజులు రెండు ఉన్నాయని చెప్పాడు. ఇత్తడి చట్రాలు ఎవరో ఊడదీసి పట్టుకుపోయారు. మిగిలిన గాజులు టార్పాలిన్ ఎగిరిపోకుండా బరువు కోసం పెట్టుకున్నారు. ఒక్కొక్కటి పన్నెండు అంగుళాల అడ్డం, వేలెడు మందం. ఇద్దరూ వాటిని పాత చీరలో చుట్టి, తలా ఒకటి ఒళ్లో పెట్టుకుని ఫెర్రీలో తెచ్చుకున్నారు.

రుద్దే పొడి కోసం ఆమె దేవకుమార్ ఇంటికి వెళ్లింది. వీధి చివరి ఇల్లు. ఆయన చాతం రంపపు మిల్లులో ముప్పై ఏళ్లు రంపాలకు పదును పెట్టి రిటైరైన మనిషి. ఆ చప్పుడులోనే చెవులు పోయాయి. చెవి దగ్గర గట్టిగా అరిస్తే ఒక ముక్క వినపడుతుంది. కొన్నాళ్లుగా చర్చికి కూడా వెళ్లడం మానేశాడు. పాటలో ఎక్కడున్నారో తెలియక ఒక్కడే వెనక పాడుతూ ఉండిపోతున్నానని, నలుగురూ చూస్తున్నారని ఆయన బాధ. భార్య సారా ఆదివారాలు ఒంటరిగా వెళ్లి వస్తుంది.

ప్రమోద కాగితం మీద రాసి చూపించబోయింది. తెలుగు రాయడం వచ్చుగానీ తప్పులొస్తాయని భయం, అందుకే బొమ్మ గీసింది. రెండు గాజులు, మధ్యలో చుక్కలు. దేవకుమార్ ఆ బొమ్మను చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి, మూడు రకాల సానపొడి ఉన్న డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఎవరు రుద్దుతారు?” అని అడిగాడు.

ప్రమోద తన వైపు వేలు పెట్టి చూపించింది.

“అయితే నేనొచ్చి చూస్తాను” అన్నాడాయన.

జూన్ నెల, వానలు మొదలయ్యాయి. వెనక వరండాలో ఇసక నింపిన ఇనుప పీపా పెట్టి, దాని మీద ఒక గాజు బిగించారు. స్కూలు నుంచి వచ్చి, వంట అయ్యాక, ప్రమోద పీపా చుట్టూ తిరుగుతూ రెండో గాజును ముందుకూ వెనక్కూ రుద్దేది. ఆరు సార్లు రుద్ది ఒక అడుగు పక్కకు, మళ్లీ ఆరు సార్లు. గరగరమనే చప్పుడు తగ్గితే పొడి నలిగిపోయిందని గుర్తు, అప్పుడు కొత్తది వేయాలి. ఆ చప్పుడు దేవకుమార్‌కు వినపడదు. ఆయన స్టూలు మీద కూర్చుని పీపాకు అరచేయి ఆనించి ఉంచేవాడు. ప్రమోద చెవికి తేడా తెలియకముందే ఆయన చేయి ఎత్తేవాడు. ఒక్కసారి కూడా పొరబడలేదు.

నెల తిరిగేసరికి గాజు మధ్యలో పల్లం పడింది. స్కేలు నిలబెట్టి చూస్తే కింద సన్నటి సందు. మొత్తం లోతు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, కానీ తడిగా ఉన్నప్పుడు వరండాలో దీపం వెలుగు దాని మీద పడితే ఆ దీపమే గోడ మీద చిన్నదిగా, తలకిందులుగా కనిపించింది. మణికుమార్ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గోడ దగ్గర నిలబడి దాన్ని చూశాడు. మర్నాటి నుంచి అతను కూడా సెలవు రోజుల్లో పీపా చుట్టూ తిరిగాడు.

సన్నపొడి తర్వాత ఇంకా సన్నపొడి, ఆ తర్వాత మెరుగు పెట్టడం. మెరుగుకు మెత్తటి జిగురు పలక కావాలి. బయటినుంచి తెప్పిస్తే ఓడలో ఎప్పటికొస్తుందో తెలియదు. దేవకుమార్ పడవల సందులకు పూసే గుగ్గిలం తెచ్చి, ఆముదం కలిపి కాచి, చల్లారాక గోటితో నొక్కి చూసి, మళ్లీ కాచి, మూడో రోజుకు సరైన పాకం తీశాడు. దాని మీద మెరుగుపొడి వేసి రుద్దుతుంటే గాజు పాలమీగడ రంగు పోయి నీళ్లలా తేటపడింది.

చివరి పరీక్షకు చీకటి గది, చిన్న దీపం, ఒక బ్లేడు చాలు. దీపం వెలుగు అద్దానికి తగిలి వెనక్కి వచ్చే చోట బ్లేడు అడ్డం పెట్టి చూస్తే, కంటికి ఆనని ఎత్తుపల్లాలన్నీ అద్దం మీద నీడలుగా తేలతాయి. ప్రమోద మొదటిసారి చూసినప్పుడు అంచు చుట్టూ వెలుగు చారలా కనిపించింది. అంచు వాలిపోయిందని అర్థం. అప్పటికి నాలుగు నెలలు రుద్దారు. ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు దేవకుమార్ వచ్చి, విషయం తెలుసుకుని, సానపొడి డబ్బా మూత తీశాడు. ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ రుద్దారు. ఇంకో రెండు నెలలు పట్టింది.

ఈలోగా దేవకుమార్ తన ఇంట్లోని పాత పడౌక్ కర్ర మంచం విప్పి, ఆ చెక్కలతో ఐదడుగుల పొడవు చతురస్రపు పెట్టె కట్టాడు. అది అటూ ఇటూ తిరగడానికి, పైకీ కిందికీ వాలడానికి ఒక పీట చేశాడు. కన్ను పెట్టే గాజు ఒక పాత దుర్భిణీ నుంచి వచ్చింది. లోపల అడ్డంగా ఉండే చిన్న అద్దం పాడైన జిరాక్సు మెషీన్ నుంచి తీశారు. మంచం పోయినందుకు సారా రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు తనే వచ్చి పెట్టె లోపల నల్లరంగు వేసింది.

వెండి పూత దగ్గర మాత్రం ప్రమోదకు ఎవరి వీడియో అవసరం రాలేదు. పన్నెండో తరగతి పిల్లలకు పరీక్షనాళిక లోపల వెండి అద్దం తేలే ప్రయోగానికి ఏటా మందులన్నీ కలిపి పెట్టేది ఆమే. స్కూలు బీరువాలో సిల్వర్ నైట్రేట్ ఉన్న గోధుమరంగు సీసా ఉంది, తాళం చెవి ఆమె కొంగుకే ఉంటుంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చెన్నైలోని దుకాణానికి రాసి తెప్పించుకుంది. ఓడలో వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. మొదటిసారి పూత దూదితో తుడవగానే పొరలు పొరలుగా లేచిపోయింది. గాజు మీద ఎక్కడో చేతి జిడ్డు మిగిలిందని ఆమెకు అర్థమైంది. వాడగా మిగిలిన ద్రవాన్ని నిలవ ఉంచితే పేలుతుందని తెలుసు కాబట్టి వెంటనే నీళ్లు కలిపి పారబోసి, గాజును రెండు రోజులపాటు కడిగింది. క్రిస్మస్ సెలవుల్లో రెండోసారి పోసింది. ద్రవం ముందు టీ రంగుకు తిరిగింది, తర్వాత నల్లబడింది. ఆ నలుపులోంచి ఆకాశం, కొబ్బరాకులు, వంగి చూస్తున్న నాలుగు ముఖాలు పైకి తేలాయి. ఈసారి పూత నిలిచింది.

ఆ సాయంత్రమే పెట్టెను పెరట్లో పెట్టారు. తూర్పున పెద్దగా వెలుగుతున్నదాని వైపు తిప్పితే బృహస్పతి, దాని పక్కన వరసగా నాలుగు చుక్కలు. ప్రమోద చూసింది, మణికుమార్ చూశాడు, సారా చూసి కళ్లు తుడుచుకుంది. దేవకుమార్ అందరికంటే ఎక్కువసేపు వంగి నిలబడ్డాడు. లేచాక మెల్లగా, “ఇక్కడ ఎవరి మాటా వినక్కర్లేదు” అన్నాడు.

జనవరిలో స్కూలు తెరిచాక ప్రమోద ఫోనులోని ఫోటో ఫిజిక్స్ టీచర్ సిల్వియా కంటపడింది. సిల్వియా నలభై లోపు మనిషి, చురుకైనది, పిల్లలంటే ప్రాణం. ఫోటో చూసి నిజంగానే ఉబ్బిపోయింది. స్టాఫ్‌రూములో అందరికీ చూపించింది. నెలాఖరులో జరిగే సైన్సు ప్రదర్శనలో దీన్ని తప్పకుండా పెట్టాలంది. ప్రమోద తలూపింది.

రెండు రోజుల తర్వాత బల్ల మీద దరఖాస్తు కనిపించింది. ప్రాజెక్టు తయారుచేసిన విద్యార్థులు అన్నచోట తొమ్మిదో తరగతి పిల్లల పేర్లు రెండు ఉన్నాయి. మార్గదర్శకులు అన్నచోట సిల్వియా పేరు. అడుగున చిన్న అక్షరాలతో, సహాయం ల్యాబ్ సిబ్బంది అని ఉంది. ప్రమోద ఆ కాగితాన్ని ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టి బీకర్లు కడగడానికి వెళ్లింది. కడిగినవాటినే మళ్లీ కడిగింది. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ సిల్వియా దగ్గర ఆగి, టెలిస్కోపు తీసుకురావడం కుదరదని చెప్పింది. ఎందుకని అడిగితే బస్సుకు టైమైందని వచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం సిల్వియా ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వచ్చింది. ప్రమోద కుర్చీ వేసి, టీ ఇచ్చింది. పెరట్లో పెట్టెను చూపించింది. సిల్వియా చెక్క మీద చేయి వేసి, లోపలికి తొంగిచూసి, అద్దంలో తన ముఖం చూసుకుని, కుర్చీ దగ్గరికి తిరిగొచ్చింది. తర్వాత అసలు విషయానికి వచ్చింది. నియమాల ప్రకారం ప్రదర్శనకు పిల్లల పేర్లూ టీచర్ పేరూ ఉంటేనే తీసుకుంటారనీ, వేరే దారి ఉందేమోనని అడిగి చూశాననీ చెప్పింది.

“దీదీ, మీ పేరు రాయడానికి ఆ ఫారంలో కాలమే లేదు. నేనేం చెయ్యను?” అంది.

ప్రమోద గ్లాసు కింద పెట్టింది.

“మీ తప్పని నేననట్లేదు మేడమ్. ఆ పిల్లలు దీన్ని ముట్టుకోలేదు. ముట్టుకోనోళ్లు చేసేరని రాస్తే, రేపు వాళ్లనెవరైనా ఎలా చేసేరని అడిగితే ఏటి చెప్తారు? కాలమ్ లేదు కాబట్టి నేను రాను. అంతే.”

ఇరవై నాలుగేళ్లలో ఆమె ఒక టీచరుకు కారణంతో సహా ముఖాన చెప్పిన మొదటి ‘రాను’ అది. సిల్వియా ముఖం ఎర్రబడింది. ఐదు గంటల ఫెర్రీకి వెళ్తానని లేచింది. చీకటి పడేదాకా ఉంటే చూసి వెళ్లొచ్చని ప్రమోద అనాలనుకుంది. అనేలోపే ఆమె గేటు దాటింది. ఎంతో దూరం వచ్చిన మనిషిని ఏమీ చూపించకుండా పంపించానని ప్రమోదకు లోపల పీకుతూనే ఉంది.

ఆరు కావస్తుండగా మణికుమార్ ఫోను చేశాడు. తెగి కొట్టుకొచ్చిన వల ఒకటి ఫెర్రీ అడుగున నీళ్లలో తిరిగే పంకాకు చుట్టుకుంది. నీళ్లలో దిగి కోసేవాడు రావాలి, రెండు గంటలైనా పడుతుంది. జెట్టీ మీద నూటయాభై మంది దాకా ఆగిపోయారు, లారీలు కూడా ఉన్నాయి, ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు అని చెప్పాడు. చివర్లో, “మీ మేడమ్ ఇక్కడే మెట్ల మీద కూకుంది” అన్నాడు.

సారాతో కలిసి అప్పుడే పెరట్లోకి వచ్చిన దేవకుమార్ చెవి దగ్గర ప్రమోద ఆ సంగతి గట్టిగా చెప్పింది. ఆయన పడమటి ఆకాశం వైపు చూశాడు. నెలవంక బాగా ఎత్తున ఉంది, దాని దగ్గరలోనే శని. మబ్బు తునక లేదు.

“జనం ఊరికే కూర్చున్నారు గదా” అన్నాడు.

“బాబాయ్, అంతమందిలోనా?” అంది ప్రమోద. ఆయనకు వినపడలేదు, లేదా వినపడనట్టు ఉన్నాడు. అప్పటికే కొబ్బరికాయల తోపుడుబండి తేవడానికి బయల్దేరాడు.

పెట్టెను బండి మీద పరుపు వేసి పడుకోబెట్టి, అద్దాన్ని విడిగా దుప్పటిలో చుట్టి ప్రమోద గుండెలకు ఆనించుకుని, సారా టార్చి పట్టుకుని, ముగ్గురూ వాలు దిగి జెట్టీకి చేరారు. అక్కడ బిగించి నిలబెడుతుంటే జనం మూగారు. ఇదేమిటి, సర్వేకా, ఫిరంగా అని అడిగారు. పక్కనే ఆగిన లారీ హెడ్‌లైట్లు సూటిగా కళ్లలో కొడుతున్నాయి. ఆ వెలుగులో ఏమీ కుదరదు. ప్రమోద రెండుసార్లు మామూలు గొంతుతో చెప్పింది, ఎవరూ వినిపించుకోలేదు. మూడోసారి ఆమె లారీ ముందుకు నడిచి వెళ్లి చేయెత్తింది.

“భయ్యా, లైట్ బంద్ కరో. సబ్ గాడీ వాలే, లైట్ బంద్ కరో.”

తన గొంతు అంత దూరం వెళ్తుందని ఆమెకే తెలియదు. ఒక్కొక్కటే లైట్లు ఆరిపోయాయి. జెట్టీ మీద చీకటి పరుచుకుంది. ఎదురుగా చాతం దీపాలు నీళ్లలో వణుకుతూ మిగిలాయి.

మొదట చంద్రుణ్ణి పెట్టింది. అప్పటికే సిల్వియా మెట్ల మీదనుంచి లేచి వచ్చి, అలవాటు కొద్దీ జనాన్ని వరసలో నిలబెట్టింది. ఆసుపత్రి నుంచి వెళ్తున్నవాళ్లు, చేపలబుట్టలు ఖాళీ చేసుకున్న ఆడవాళ్లు, యూనిఫాంలో ఉన్న సెక్యూరిటీ గార్డు, ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. చూసినవాళ్లు పక్కకు వెళ్లి, మళ్లీ వరస చివర నిలబడ్డారు. సిల్వియా హిందీలో చెబుతూ ఉంది. అవి గుంటలనీ, రాళ్లు వచ్చి గుద్దుకుంటే ఏర్పడ్డాయనీ, అక్కడ గాలి లేదనీ. ఆమెకు చెప్పడం బాగా వచ్చు.

లారీ డ్రైవరు తన వంతు అయ్యాక పెట్టె చుట్టూ తిరిగి, అడుగున మెరుస్తున్న అద్దాన్ని చూశాడు. ఇంట్లో అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది, దీనికి ముందువైపు ఎందుకుందని అడిగాడు. వెలుగు గాజు లోపలికి పోకుండా పైనుంచే తిరిగి రావాలని సిల్వియా చెప్పింది. దీన్ని ఎక్కడ కొన్నారన్నాడు. కొనలేదు, చేశారంది. గాజుకు ఇలా లోతు ఎలా పెట్టారు, ఎంత లోతు, విరిగిపోదా అని అతను వరసగా అడుగుతూనే ఉన్నాడు. సిల్వియా చీకట్లో ప్రమోద ఎక్కడుందా అని చూసింది. ప్రమోద అప్పుడు కూడా ఒక పక్కకు, జెట్టీ గోడ దగ్గరికి జరిగి నిలబడి ఉంది.

“దీదీని అడగండి” అంది సిల్వియా అందరికీ వినపడేలా. “చేసింది ఆవిడ. నాకు తెలీదు.”

నూటయాభై తలలు తిరిగాయి. చీకటి ఉండబట్టి ముఖాలు కనపడలేదు, అదే ఆమెకు మేలయింది. ప్రమోద ఒక అడుగు ముందుకు వేసింది. ఓడ కిటికీ గాజు అని మొదలుపెట్టింది. రెండు మాటలు తెలుగు, నాలుగు మాటలు హిందీ. పీపా చుట్టూ తిరగడం గురించి చెప్పింది, చేత్తో గాల్లో రుద్ది చూపించింది. దేవకుమార్ అరచేయి గురించి చెప్పి ఆయన్ని ముందుకు లాగింది. అంచు వాలిపోయి మొదటికొచ్చిన సంగతి చెప్పినప్పుడు చేపలావిడ ఒకామె అయ్యో అంది. గుగ్గిలం పాకం అనగానే వెనకనుంచి ఒక ముసలాయన, ఆముదం ఎంత కలిపారని అడిగాడు. పడవలవాడు. అక్కణ్ణించి ఆమెకు తడుముకోవలసిన పని లేకపోయింది. అడిగినదానికల్లా జవాబు ఆమె చేతుల్లోనే ఉంది.

తర్వాత శనిగ్రహం పెట్టింది. ఈ ఏడు దాని వలయం పక్కకు తిరిగి, సూదితో గుచ్చినట్టు సన్నగా ఉంది. సిల్వియా తన వంతు వచ్చాక చూసి, తల ఎత్తకుండానే చాలాసేపు ఉండిపోయింది. ఇరవై రెండేళ్లప్పటి నుంచీ ఈ బొమ్మ బోర్డు మీద గీస్తున్నాననీ, చూడటం ఇదే మొదలనీ అంది. ఎవరితో అందో తెలియదు. పక్కన ఉన్నది ప్రమోదే.

ఎనిమిది దాటాక వల తెగింది. ఫెర్రీ కూత వేసింది. వరసలో సగం మంది కదల్లేదు. మణికుమార్ నిలువెల్లా తడిసి, తాడు చేత్తో పట్టుకుని, ఇదే ఆఖరి ట్రిప్పని నాలుగుసార్లు కేకేశాడు. లారీ డ్రైవరు ఇంకొక్కసారి అని వంగాడు. చివరికి అందరూ ఎక్కారు. సిల్వియా ర్యాంపు దగ్గర ఆగింది.

“ఫారం సోమవారం వెనక్కి తీసుకుంటాను. పిల్లలు వేరేది చేసుకుంటారు.”

ప్రమోద సరేనంది.

“తొమ్మిదో తరగతికి అద్దాల పాఠం రాబోతోంది. నేను మొదలుపెడతాను, మధ్యలో మీరు చెప్పాలి. క్లాసుకు ఏ కాలమూ అక్కర్లేదు.”

“భయమేస్తుంది మేడమ్” అంది ప్రమోద.

“ఇందాక వెయ్యలేదా?”

“వేసింది.”

సిల్వియా నవ్వి ఎక్కేసింది. ప్రమోద, దేవకుమార్, సారా బండి తోసుకుంటూ వాలు ఎక్కారు. సగం దారిలో దేవకుమార్ ఆగి, పీట కొంచెం బిగుసుగా తిరుగుతోందనీ, రేపు సబ్బు రాసి చూస్తాననీ అన్నాడు.

ప్రదర్శన టెలిస్కోపు లేకుండానే జరిగింది. ప్రమోద ఎప్పట్లాగే బల్లలు అమర్చింది. పాఠం రోజున ఆమె గొంతు మొదట్లో వెనక బెంచీలకు వినపడలేదు. వినపడటం లేదని పిల్లలే అన్నారు, పెంచింది. అరగంట అనుకున్నది పీరియడంతా అయింది.

శనివారం సాయంత్రాలు జెట్టీ దగ్గర పెడతారని మాట ఎలాగో హార్బరు దాటింది. రెండో శనివారం మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టింది. రారనుకుని ప్రమోద పెట్టెను ఇంటి దగ్గరే ఉంచేయబోయింది. జెట్టీలో జనం కూర్చున్నారని మణికుమార్ చెప్పడంతో తీసుకెళ్లింది. పదిహేను మంది ఉన్నారు. గరాచర్మ నుంచి, లహరి పక్కింట్లో ఉండే కనకలక్ష్మి తన తల్లి యర్రమ్మను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి, ఫెర్రీ ఎక్కి వచ్చింది. యర్రమ్మకు ఎనభై దగ్గర. మొగుడితో చేపల వేటకెళ్లిన రోజుల్లో ఆకాశంలో పిల్లలకోడి, గొల్లకావిడి చుక్కల్ని చూసి పొద్దు ఎంతయిందో చెప్పేదాన్నని, వాటిని దగ్గరగా చూడాలని వచ్చానని అంది.

ప్రమోద ఆకాశం చూసి, ఇవాళ కుదరదేమోనని మెల్లగా చెప్పింది. ఎవరూ లేవలేదు. ఉత్తచేతులతో కూర్చోబెట్టడం ఇష్టంలేక ఆమె పెట్టె అడుగు విప్పి, అద్దాన్ని జాగ్రత్తగా బయటికి తీసి, యర్రమ్మ ముందు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. సారా టార్చి వేసింది. ముసలామె దగ్గరగా జరిగి చూసింది. అద్దం నిండా ఒకే ఒక్క ముఖం, ప్రతి ముడతా వేలంత.

“ఇంతుందేటి నా ముక్కు” అంది యర్రమ్మ.

కనకలక్ష్మి నవ్వాపుకోలేక కూలబడిపోయింది. తర్వాత వరసగా అందరూ తమ ముఖాలు చూసుకున్నారు. చూసినకొద్దీ ఒకరి ముక్కు గురించి ఒకరు మాట్లాడుకుంటూ అక్కడే ఉండిపోయారు. ఏడున్నరకు తూర్పుగాలి తిరిగింది. ముందుగా చూసింది దేవకుమార్. ప్రమోద భుజం తట్టి, నడినెత్తికి దగ్గరగా మబ్బు చీలిన చోటు చూపించాడు. ప్రమోద అద్దాన్ని గబగబా లోపల బిగించడం మొదలుపెట్టింది.